ఓడెస్సా విడుదల కాగితం

ఆ గదిలో ఓడెస్సా ప్రూయిట్‌కి కుర్చీ వెయ్యలేదు. పొడవాటి బల్లకి అవతల ఐదుగురు పెద్దలు కూర్చున్నారు. ఇవతల ఓడెస్సా నిలబడింది. సాక్షిగా రోవీనా టిబ్స్ ఆమె పక్కనే నిలబడింది. ఇద్దరూ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడేవాళ్ళు, ఒకే గదిలో ఉండేవాళ్ళు. రోవీనాది గారీ అనే ఊరు, ఉక్కు మిల్లుల దగ్గరి పిల్ల. ఓడెస్సాది మెంఫిస్.

ఆటల విభాగం అధిపతి లిండ్‌క్విస్ట్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కోచ్ హాలిహన్ వెళ్ళిపోతే నీకేం నష్టం? నువ్వు చేరింది కాలేజీలో, కోచ్ దగ్గర కాదు."

"మా అమ్మ చేసిన చికెన్ తిన్నది కాలేజీ కాదు సార్, హాలిహన్" అంది ఓడెస్సా. "మా వంటింట్లో కూచుని, అమ్మ చెయ్యి పట్టుకుని, నాలుగేళ్ళూ నీ బిడ్డ నా కళ్ళముందే ఉంటుందని చెప్పాడు. ఎనిమిది నెలలు తిరక్కముందే టెక్సాస్ పోయాడు. సోమవారం వాళ్ళు పిలిచారు, బుధవారానికి అక్కడి టోపీ పెట్టుకుని టీవీలో నవ్వుతున్నాడు. ఆయన్ని ఏడాది ఖాళీగా కూచోమని ఎవరన్నా అన్నారా?"

రూలు అందరికీ తెలుసు. కోచ్ రాత్రికి రాత్రి మారిపోవచ్చు. ఆడేవాళ్ళు మారాలంటే పాత కాలేజీ విడుదల కాగితం మీద సంతకం చెయ్యాలి. చేసినా కొత్తచోట ఏడాది పాటు ఆడనివ్వరు. చెయ్యకపోతే ఇంకో కాలేజీ ఆ పిల్లతో మాట్లాడటానికి కూడా వీల్లేదు, స్కాలర్‌షిప్ అసలే ఇవ్వకూడదు.

"మెంఫిస్‌లో కాలేజీ ఉంది. మా అమ్మకి దగ్గరగా ఉంటాను. ఏడాది కూచోమంటే కూచుంటాను. కాగితం ఇప్పించండి."

బల్ల చివర కొత్త కోచ్ స్టావర్స్ ఉన్నాడు. వచ్చి మూడు వారాలైంది. "ఒక్కదాన్ని వదిలితే మిగతావాళ్ళూ లైను కడతారు. నేను జట్టు ఎవరితో కట్టాలి?"

అంతే. ఏడు నిమిషాల్లో తేల్చేశారు. కాగితం లేదు.

బయటికొచ్చాక ఓడెస్సా మెట్ల మీద కూలబడి నవ్వింది. "చూశావా రోవీనా? నిలబెట్టి మాట్లాడారు. నన్ను ఎంతసేపూ ఉండమంటారు గానీ కూచోమనరు."

ఆగస్టులో సాధన మొదలైంది. ఓహియో నది మీంచి వచ్చే ఉక్కకి గోడలు సైతం చెమర్చే నెల. కాగితం అడిగిన పిల్లకి స్టావర్స్ వేరే శిక్షణ పెట్టాడు. అందరూ నీళ్ళు తాగేటప్పుడు ఆమె స్టేడియం మెట్లెక్కి దిగాలి. "నీకు వెళ్ళాలనుంది కదా, పరుగెత్తు మరి" అనేవాడు.

ఆ పదిహేడో తారీఖు మధ్యాహ్నం ఓడెస్సా పదకొండోసారి ఎక్కుతోంది. ఊపిరి ఈల వేస్తున్నట్టు వస్తోంది. రోవీనా చేతిలో నీళ్ళ సీసాతో రెండడుగులు వేసింది.

"ఎక్కడికి?" అన్నాడు స్టావర్స్. "అడుగు తీశావంటే ఆ పదకొండూ నువ్వూ ఎక్కాలి."

రోవీనా ఆగింది.

ఆగింది. చదువుకునే పిల్లలారా, పనిచేసే అన్నలారా, ఆ అమ్మాయి చేసిన తప్పు ఇదొక్కటే. జట్టులో మిగతా పదిమందీ చేసిన తప్పు కూడా అదే. ఎవరి సీసా వాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. ఓడెస్సా పై వరస చేరి, కమ్మీ పట్టుకోబోయి, పట్టు దొరక్క పడిపోయింది. అంబులెన్స్ వచ్చేసరికి అంతా అయిపోయింది.

పుట్టుకతోనే గుండెలో ఏదో లోపం ఉందని కాలేజీ ప్రకటన ఇచ్చింది. స్టావర్స్ రెండు రోజులు సెలవు పెట్టాడు. మూడో రోజు మళ్ళీ అవే మెట్లు.

రోవీనా ఎక్కుతోంటే వెనక ఎవరో ఎక్కుతున్నట్టుండేది. తిరిగి చూస్తే ఖాళీ మెట్లు. ముందుకి తిరిగితే మళ్ళీ ఆ ఈల ఊపిరి, సరిగ్గా మెడ దగ్గర. ఆమె ఎవరికీ చెప్పలేదు. పిచ్చి పట్టిందనుకుంటారని భయం. గదిలో అవతలి మంచం దుప్పటి తియ్యలేదు. అద్దంలో తల దువ్వుకోవటం మానేసింది.

జట్టు భోజనాల గదిలో వడ్డించే మిస్ బెర్నీ ఇరవై ఏళ్ళుగా అదే పనిలో ఉంది. రోజూ పన్నెండు గ్లాసులు పెట్టేది. పెట్టి, లెక్క గుర్తొచ్చి, ఒకటి వెనక్కి తీసేది. ఓ రోజు తియ్యలేకపోయింది. చేతిలో గ్లాసుతో అలాగే నిలబడిపోయింది.

"నేను తియ్యలేనమ్మా" అంది. "మీరే ఎవరన్నా తియ్యండి."

పదకొండు మందిలో ఒక్కరూ చెయ్యి చాపలేదు.

అక్టోబర్‌లో ఓడెస్సా తల్లి ఒరాలీ వచ్చింది. కాలేజీయే పిలిచింది. ఈ సీజను ఓడెస్సాకి అంకితమట. ఆమె నంబరు చొక్కాని జిమ్ పైకప్పుకి కడతారట. పిల్లలు భుజాలకి నల్లపట్టీలు వేసుకుని ఆడతారట. లిండ్‌క్విస్ట్ అందరి ముందూ ఆ సంగతి మెత్తగా చెప్పి, "ఆమె ఎప్పటికీ మాతోనే ఉంటుందమ్మా" అన్నాడు.

ఒరాలీ హోటల్ వంటగదిలో పనిచేసే మనిషి. కాలిన మచ్చలున్న చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది.

"బతికుండగా పోతానంటే వదల్లేదు. చచ్చాక కూడా వదలరా?"

"అమ్మా, ఇది గౌరవం..."

"నాకు గౌరవం వద్దు. అది అడిగిన కాగితం ఇవ్వండి. సంతకం పెట్టి ఇవ్వండి. ప్రతి రాత్రీ కల్లోకొచ్చి, అమ్మా కాగితం వచ్చిందా అని అడుగుతోంది. నేనేం చెప్పను?"

లిండ్‌క్విస్ట్ గొంతు సవరించుకున్నాడు. "చనిపోయినవాళ్ళకి విడుదల ఇచ్చే పద్ధతి లేదమ్మా."

ఆ సాయంత్రం దుస్తులు మార్చుకునే గదిలో పదకొండుమందీ తలుపేసుకుని కూచున్నారు. ముందు నోరు తెరిచింది జోలీన్ కాస్పర్. అయోవా పొలాల నుంచి వచ్చిన తెల్లపిల్ల. ఓడెస్సా ఆడిన చోట ఇప్పుడు స్టావర్స్ ఆమెనే నిలబెట్టాడు.

"నన్ను చూడకండే అలా" అంది. "నేనేం చెయ్యను? ఈ స్కాలర్‌షిప్ పోతే నాకు చదువు లేదు. మా నాన్న పొలం బ్యాంకు చేతిలో ఉంది. మీరు పోరాటం అంటారు, రేపు బస్సెక్కి ఇంటికెళ్ళాల్సింది నేను."

"ఇక్కడెవరి నాన్నకి బంగళాలున్నాయే?" అని గయ్‌మంది ఒక పిల్ల. "నీకేం, నీకు ఆడే చోటు దొరికింది."

"దొరికింది!" జోలీన్ లేచింది. "ఆ చోట నిలబడి చూడు ఒకసారి. నా వెనకే ఊపిరి వినిపిస్తుంది. ఈల వేసినట్టు. బంతి వచ్చినా వినిపిస్తుంది, రాకపోయినా వినిపిస్తుంది. నాకు పిచ్చెక్కుతోంది తెలుసా!"

రోవీనా లేచి ఆమె దగ్గరికొచ్చింది.

"నీకూనా?" అంది రోవీనా.

ఒక్కొక్కరూ బయటపెట్టారు. ఒకరికి మెట్ల మీద. ఒకరికి స్నానాల గదిలో. ఒకరికి నిద్రపట్టే ముందు. పదకొండుమందికీ వినిపిస్తోంది. రెండు నెలలుగా ఎవరికి వాళ్ళే దాచుకున్నారు.

రోవీనా అందరికీ చెబుతున్నట్టూ, తనలో తను అనుకుంటున్నట్టూ అంది. "ఆ రోజు నేను నీళ్ళు పట్టుకుని ఆగిపోయాను. ఒక్కదాన్నే వెళ్తే నన్నూ ఎక్కిస్తాడని ఆగాను. పదకొండుమందీ కదిలితే వాడు ఎవర్ని ఎక్కించేవాడు? ఓడెస్సా ఒక్కతే అడిగింది. అందుకే కుర్చీ కూడా వెయ్యలేదు. మా నాన్నవాళ్ళు మిల్లులో ఏదన్నా అడగాలంటే షిఫ్టుకి షిఫ్టు గేటు ముందుకొచ్చేది. మనం ఒక్కసారన్నా అలా వెళ్ళామా?"

"వెళ్ళి ఏం అడుగుదాం?" అంది జోలీన్, కళ్ళు తుడుచుకుంటూ.

"కాగితం. ముందు ఓడెస్సాది. తర్వాత మనవి. పోవాలనున్నా లేకున్నా అందరం రాద్దాం. కోచ్ మారితే పిల్లలకీ మారే హక్కుండాలని రాద్దాం."

మర్నాడు పదకొండు దరఖాస్తులు, వాటి పైన పన్నెండోది ఓడెస్సా పేరు మీద, లిండ్‌క్విస్ట్ బల్ల మీదికొచ్చాయి. తల్లి సంతకం దాని మీదుంది. వారం తర్వాత పన్నెండూ వెనక్కొచ్చాయి. అన్నిటి మీదా ఒకటే ముద్ర, తిరస్కరించబడింది. చచ్చిపోయిన పిల్ల పేరు మీద కూడా అదే ముద్ర పడింది. ముద్ర వేసిన గుమస్తా చదివాడో లేదో!

ఆ కాగితాన్ని మిస్ బెర్నీ చూసింది. చదివి, మడిచి, వంటగది ఆడవాళ్ళందరికీ చూపించింది.

నవంబర్‌లో సీజను మొదటి ఆట. జిమ్ కిటకిటలాడింది. పైకప్పు నుంచి ఓడెస్సా చొక్కా వేలాడుతోంది. కింద గాలి ఆడకపోయినా అది కదులుతూనే ఉంది. రెండు జట్లూ కోర్టులోకొచ్చాయి. రెఫరీ బంతి పట్టుకుని మధ్యకి నడిచాడు.

పదకొండుమందీ నల్లపట్టీలు విప్పారు. మధ్య గీసిన వలయంలో కుప్పగా పెట్టి, చుట్టూ కూచున్నారు.

ముందు ఈలలు. తర్వాత తిట్లు. "లేవండే! టిక్కెట్లు కొనుక్కుని వచ్చాం!" ఎవరో పాప్‌కార్న్ విసిరారు. స్టావర్స్ ఎర్రబడ్డ మొహంతో వచ్చి జోలీన్ భుజం పట్టి లాగాడు.

"నువ్వన్నా లే. నీకు చోటిచ్చాను."

"అది మీది కాదు ఇవ్వటానికి" అంది జోలీన్. అటూ ఇటూ ఉన్నవాళ్ళ మోచేతుల్లో తన చేతులు బిగించింది.

రోవీనా లేచి నిలబడింది. మైకు లేదు. ఉన్న గొంతుతోనే అరిచింది. ఓడెస్సా అడిగిన సంగతి, ఏడు నిమిషాల సంగతి, మెట్ల సంగతి, తను నీళ్ళు పట్టుకుని ఆగిన సంగతి. చివరికి ముద్ర పడిన కాగితాన్ని తలపైకెత్తి చూపించింది.

ఈలలు సన్నగిల్లాయి. పై వరసల్లో వంటగది ఆడవాళ్ళు తెల్ల ఏప్రన్లతో లేచి నిలబడ్డారు. వాళ్ళ మధ్యలో ఒరాలీ. ఎదుటి జట్టు కెప్టెన్ తన కోచ్ వైపు చూసింది. "మా పాత కోచ్ కూడా మే నెలలో వేరే కాలేజీకి పోయాడు" అంది గట్టిగా, ఎవరూ అడక్కుండానే. వచ్చి రోవీనా ఖాళీ చేసిన చోట కూచుంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు.

లిండ్‌క్విస్ట్ ఆరుగురు పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మైకు అందుకున్నాడు.

"ఇది కాలేజీ ఆస్తి. మీరు వెంటనే ఇక్కణ్ణించి వెళ్ళిపోవాలి!"

రోవీనా అతని వైపు తిరిగింది.

"ఏమన్నారు సార్?"

"వెళ్ళిపొమ్మంటున్నాను!"

"పోతామంటే పోనివ్వలేదు. ఇప్పుడు పొమ్మంటున్నారా?" ఆమె దరఖాస్తు అతని మొహం ముందు పెట్టింది. "అదే మాట దీని మీద రాయండి. మొదటి పేరు ఓడెస్సా ప్రూయిట్. రాసివ్వండి, ఈ నిమిషం పోతాం."

పైనుంచి ఒరాలీ గొంతు. "రాసివ్వు!"

ఏప్రన్ల వరస అందుకుంది. తర్వాత విద్యార్థుల వరసలు. పాప్‌కార్న్ విసిరిన వైపు కూడా అందుకుంది. చెక్క బల్లల మీద కాళ్ళు దబదబా మోగుతున్నాయి. రాసివ్వు! రాసివ్వు!

పోలీసులు రోవీనా చేతులు వెనక్కి విరిచారు. కాగితం కింద పడింది. జోలీన్ దాన్ని తీసుకుని లిండ్‌క్విస్ట్ ముందు నిలబడింది. ఆమెకీ బేడీలు పడ్డాయి. ఈసారి కాగితాన్ని ఎదుటి జట్టు కెప్టెన్ తీసుకుని, అదే చోట నిలబడింది.