షికారు పోయే నీడ

వ్యాపారం మొదలుపెట్టిన రోజు అతని దగ్గర పన్నెండు వేలు ఉన్నాయి. పొద్దెక్కేసరికి అవన్నీ నల్ల గొడుగులైపోయాయి. ఆ పుణ్యనగరంలో గంట గోపురం ముందు పెద్ద రాతి ఆవరణ ఉంది. చెట్టన్నది లేదు. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఈ చివర గొడుగు అద్దెకి తీసుకుని ఆ చివర ఇచ్చేస్తారు. ఎండ ఎంత, జనం ఎంత, ఒక్కో గొడుగు ఎన్ని చేతులు మారుతుంది, అన్నీ మనసులోనే లెక్క కట్టుకున్నాడు. గోపురం నీడ సంగతి తెలిసి కూడా, ఒక్క నీడ ఎంతమందికి సరిపోతుందిలే అని తీసిపారేశాడు.

ఆ నీడ పొద్దున్నే బుద్ధిగా తన చోట పరుచుకుంటుంది. ఆ తర్వాత దాని ఇష్టం. గోపురాన్ని చూసి నోరు తెరిచి నిలబడ్డవాళ్ళు కనిపిస్తే చాలు, లేచి వాళ్ళ వెంట పోతుంది. అరిగిన మెట్ల మీద, పాత గోడల సందుల్లో వాళ్ళు తిరిగినంతసేపూ చల్లగా తోడు తిరుగుతుంది. ఊళ్ళోవాళ్ళకి ఇదేం కొత్త కాదు. బట్టలు ఆరేసే ఆడవాళ్ళు, "నీడ ఇవాళ ఎటు పోయింది?" అని కనుక్కుని మరీ ఆరేసుకుంటారు.

"రాతి నీడతో పోటీపడే వ్యాపారం లోకంలో నాదొక్కటేనేమో!" అన్నాడు అక్కతో.

అక్క గుమ్మంలో కూర్చుని విరిగిన గొడుగు ఊసలు బిగిస్తోంది. "దాన్నేమీ అనకు. నువ్వు పుట్టిన రోజు పాపం మన డాబా మీదే ఉంది."

"ఉండి ఏం ఒరగబెట్టింది? సాయంత్రం బస్సుకి గొడుగులన్నీ వేసుకుని సముద్రం ఒడ్డు ఊరికి పోతున్నా. అక్కడ గోపురాల్లేవు."

"ఒక్కసారైనా ఆ గోపురాన్ని తలెత్తి చూశావురా?"

"రోజూ దాని కిందేగా చస్తున్నా."

మధ్యాహ్నం ఒక ముసలావిడ గొడుగు తీసుకుంది. నడుము వంగిపోయి, గడ్డం గుండెకి ఆనుకుని ఉంది. ఆవరణ మధ్యలో ఆగి, గోపురం పునాది రాళ్ళ వైపే చూస్తూ నిలబడింది.

"బామ్మగారూ, చూడాల్సింది పైన."

"పైనుందని తెలుసులే నాయనా. మెడ లేవదు. బతుకంతా కుట్టుమిషను మీద వంగే ఉన్నా. చచ్చేలోగా దీన్ని చూడాలని బస్సు మీద బస్సు మారి వచ్చాను. తీరా వస్తే పాదాలు కనిపించాయి. సాయంత్రం వెళ్ళిపోవాలి. మళ్ళీ రాలేను."

అతను జేబులోంచి చిన్న అద్దం తీశాడు.

"అదీ అయింది. ఓ మూల గోపురం ముక్క, మిగతాదంతా నా ముక్కు. ఇందుకా ఇంత దూరం వచ్చింది?"

"పోనీ వెల్లకిలా పడుకుంటే?"

"నా నడుము ఒప్పుకోదు."

"ఎత్తు చెప్పనా? అంతస్తుకి ఇంత చొప్పున..."

"కొలతలు నాకెందుకయ్యా, దానికేమైనా చొక్కా కుట్టాలా?"

అతనికి నవ్వొచ్చింది. కానీ ఆవిడ నవ్వలేదు. ఆ రాళ్ళనే చూస్తోంది.

నీడ ఆవరణ అవతల ఒక గుంపు వెంట పోతోంది. ఆవిడ చూపు ఆనే నేల మీదికి దాన్ని రప్పించే దారి ఒక్కటే. అది ఆవిడ వల్ల కాదు. ఆవిడ బదులు తనే తలెత్తాడు.

మొదట అంతస్తులు లెక్కపెట్టాడు. తర్వాత కిటికీలు. ప్రతి కిటికీ చుట్టూ రాతి తీగ, తీగకి మొగ్గలు, ఏ రెండు మొగ్గలూ ఒకలా లేవు. కళ్ళు చికిలిస్తే తప్ప కనిపించనంత ఎత్తులో, ఏనాడో ఎవరో కూర్చుని ఒక్కో రేకూ చెక్కారు. రాయి తేనెరంగులో మెరుస్తోంది. ఇంకా పైన గంటలు, గంటల సందుల్లో ఆకాశం. లెక్క ఎక్కడ తప్పాడో తెలియలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

కాళ్ళకి చల్లగా తగిలింది.

"గొడుగు అందుకో బాబూ," అంది ఆవిడ మెల్లగా.

నీడ ఆవిడ ముందు నిలువునా పరుచుకుంది. కిటికీలు, తీగలు, మొగ్గలు, తేనెరంగుతో సహా అన్నీ రాళ్ళ మీదున్నాయి. పై అంచున పావురాలు వాలుతున్నాయి. గంటలు ఊగితే అందులోనూ ఊగాయి. ఆవిడ దాని అంచు వెంట, గుడ్డ కొలుస్తున్నట్టు, పునాది నుంచి శిఖరం దాకా నడిచింది. శిఖరం దగ్గర చాలాసేపు నిలబడిపోయింది.

"ఎంత సన్నటి పని!" అంది. "ఇంత సన్నటి పని నా చేత్తో ఎన్నడూ చెయ్యలేదు." మెడ తడుముకుంది. "మా వీధి నిండా కుట్టుమిషన్లే. నాలాంటి మెడలు చాలా ఉన్నాయి. వెళ్ళినా చూడలేం కదా అని ఎవరూ బయల్దేరరు. నేను చెబితే నమ్మరు కూడా."

"నేనొచ్చి చెప్తే?"

"ఇలా నోరు తెరుచుకుని చెప్తే నమ్ముతారేమో. ఇప్పటికి మూసుకో, ఈగలు దూరతాయి."

సాయంత్రం బస్టాండులో సముద్రం వైపు పోయే బస్సు హారన్ కొడుతోంది. అతను గొడుగులన్నీ అక్కకి అప్పగించి, ఒట్టి చేతులతో వచ్చాడు. నీడ గేటు దాకా సాగనంపి ఇంటిదారి పట్టింది.

ముసలావిడ ఎక్కాల్సిన బస్సు ఇవతల ఉంది. ఆవిడ సంచి అందుకుంటూ, "బామ్మగారూ, మీ వీధిలో మొత్తం ఎన్ని మిషన్లంటారు?" అని అడిగాడు.

"వస్తున్నావుగా, నువ్వే లెక్కపెట్టుకో," అంటూ ఆవిడ మెల్లగా బస్సెక్కింది.

ఆవిడ వెనకే అతను కమ్మీ పట్టుకున్నాడు.