సణుగుళ్ళ చార్టు

డిపో మేనేజరు శుక్రవారం మధ్యాహ్నం ఆమెను గదిలోకి పిలిచి, చార్టు రాసే కుర్చీ ఇక నీదే అన్నాడు. ఇరవై బస్సులు, ఇరవై మంది డ్రైవర్లు. ఎవరు ఏ రూటు నడపాలో వారానికోసారి రాసి గోడకు అంటించే పని అది. పాత చార్టు మాస్టరు బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఆమె తొమ్మిదేళ్ళుగా వాళ్ళతోపాటు బండి నడిపిన డ్రైవరే. బండి తాపీగా నడుపుతుందని తోటివాళ్ళు ఆమెకు నిదానం అని పేరు పెట్టారు. ఆ సాయంత్రం మాత్రం నిదానం ఇంటికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది.

మేనేజరు పెట్టిన మెలిక కూడా దారంతా ఆమె చెవిలో మోగుతూనే ఉంది. "పై ఆఫీసు వాళ్ళు తమ మనిషిని పంపుతామన్నారు. మావాళ్ళలోనే ఒకరు చేయగలరని నేను పట్టుబట్టాను. సోమవారం ఒక్క బండి షెడ్డులో ఆగిపోయినా నా మాట చెల్లదు, నీకు కుర్చీ ఉండదు. తర్వాత నీ ఇష్టం."

ఆ మాటకు భయపడాల్సింది. కానీ భయం కూడా సంతోషంలాగే ఉంటుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

"అత్తయ్యా, నేను చార్టు మాస్టర్ని" అంది గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ.

బీన్సు తరుగుతున్న అత్తగారు కత్తిపీట మీంచి తలెత్తింది. "మంచిదే. మరి అంతమందినీ ఎలా మెప్పిస్తావే? ముగ్గురున్న ఇంట్లో ఒక కూర అందరికీ నచ్చి చావదు."

"ఎవరికేం కావాలో నాకు తెలుసుగా."

"ఊఁ" అంది అత్తగారు. ఆవిడ ఊఁ అంటే అందులో నూరు అర్థాలుంటాయి. నిదానం ఒక్కటి కూడా ఏరుకోలేదు.

తెలుసు అనడంలో అబద్ధం లేదు. డిపో రెస్టు రూములో ఒక పొడుగాటి బల్ల, దాని చుట్టూ అరిగిపోయిన బెంచీలు ఉన్నాయి. డ్యూటీ మధ్యలో డ్రైవర్లు అక్కడ టీ తాగుతూ సణుగుతారు. ఆ డిపోలో సణగకుండా టీ తాగినవాడికి జ్వరం వచ్చిందేమోనని నుదురు పట్టి చూస్తారు. పద్నాలుగో నంబరు రూటు నడిపే పెద్దాయనను అందరూ బాబాయి అంటారు. ఆయన పన్నెండేళ్ళుగా ఒకటే పాట. "ఈ పద్నాలుగు నా ప్రాణం తోడేస్తోంది. ఆ కొండెక్కడం, ఆ ఆసుపత్రి మలుపు, ఆ సంచుల ముసలమ్మలు. ఏటి పక్క మూడో నంబరు వాళ్ళు ఎంత పుణ్యం చేసుకున్నారో." మార్కెట్టు మీదుగా పోయే ఆరో నంబరు మీసాలాయనది. "మనుషుల్ని తొక్కకుండా నడపడానికే నా కళ్ళు పోతున్నాయి. గాలి తగిలే ఆ కొండ రోడ్డు ఇస్తే చాలు" అంటాడాయన. హారన్ అనే కుర్రాడిది స్కూళ్ళ రూటు. పిల్లల గోలకు తన చెవులు చిల్లులు పడ్డాయని డిపో అంతా వినబడేలా చెబుతాడు.

ఇవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. శని, ఆదివారాలు పాత క్యాలెండరు కాగితాలు చీటీలుగా కత్తిరించి, వాటి వెనక పేర్లు రాసి, భోజనాల బల్లంతా పరిచింది. ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. ఒక చీటీ జరిపితే ఇంకో మూడు జరగాలి. ఆదివారం పొద్దు వాలేసరికి ముడి మొత్తం విడిపోయింది. బాబాయికి మూడు, మీసాలుకి పద్నాలుగు, హారన్‌కి ఫ్యాక్టరీ రూటు. తొమ్మిదేళ్ళు ఎవరు దేనికోసం ఏడ్చారో అది వాళ్ళ చేతిలో పెట్టేసింది. బాబాయి మొహం ఎలా వెలిగిపోతుందో తలుచుకుని ఆమె ఒక్కతే కూర్చుని నవ్వుకుంది.

సోమవారం ఐదున్నరకు చార్టు గోడకెక్కింది. డ్రైవర్లు మూగారు. నిదానం పక్కనే నిలబడి, వచ్చే నవ్వును పెదాల దగ్గరే ఆపుకుంటోంది.

ఎవరూ నవ్వలేదు. బాబాయి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చదివాడు. "ఒంట్లో బాగాలేదు. నాకు సెలవు రాసుకో" అని రెస్టు రూములోకి వెళ్ళిపోయాడు. మీసాలు పద్నాలుగో నంబరు బండి దాకా వెళ్ళి, తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి వచ్చేశాడు.

"అది ఆయన సీటు. నేను కూర్చోను" అన్నాడు.

"కొండ రోడ్డు కావాలని నువ్వే కదా ప్రాణం తీశావు?"

"అంటాం. అన్నవన్నీ పట్టుకుంటారా ఎవరైనా?"

ఆరైంది. పద్నాలుగు బయల్దేరాల్సింది ఆరుంపావుకి, మూడు ఆ తర్వాత అయిదు నిమిషాలకి. ఒక్క బండి ఆగినా కుర్చీ పోతుందనుకుంటే, ఇక్కడ రెండు బండ్లు ఇంజను ఆడుతూ నిలబడ్డాయి. నిదానం నేరుగా రెస్టు రూములో ఉన్న బాబాయి దగ్గరకు వెళ్ళింది.

"పన్నెండేళ్ళు తిట్టావు బాబాయ్. తప్పిస్తే అలిగావు. ఏం చెయ్యమంటావు నన్ను?"

"నా రూటు, నేను తిట్టుకుంటాను" అన్నాడు బాబాయి గ్లాసులోకి చూస్తూ. "ఇంట్లో కూర బాగాలేదన్నవాణ్ణి పక్కింటికి కాపరానికి పంపేస్తావా? ఆసుపత్రి స్టాపులో కర్ర పట్టుకుని ఒకావిడ ఎక్కుతుంది. బండిని గట్టుకి ఆనించి ఆపితే తప్ప ఆవిడ కాలు మెట్టు మీదికి రాదు. మీసాలుకి తెలుసా అది? వాడు మార్కెట్లోలాగా నడిరోడ్డు మీద ఆపుతాడు. అయినా నేను ముసలాణ్ణయ్యాననేగా తేలిక రూటు ఇచ్చావు?"

నిదానం కానుక అనుకుని ఇచ్చింది ఆయనకు పెన్షను కాగితంలా కనబడింది. తొమ్మిదేళ్ళు ఆ బెంచీ మీదే కూర్చుని, తానూ నోరారా సణిగి, ఆ సణుగుడు ఏమిటో తనకే అర్థం కాలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

బయట మేనేజరు స్కూటరు ఆగిన చప్పుడుకి ఇద్దరూ చార్టు గోడ దగ్గరకు వచ్చారు. ఆడుతున్న రెండు ఇంజన్లనూ, ఖాళీగా ఉన్న రెండు సీట్లనూ చూశాడు మేనేజరు.

"ఎక్కనన్నది ఎవరు? పేర్లు చెప్పు, మెమోలు ఇస్తాను. తప్పు నీ మీదికి రాదు."

అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. రెండు పేర్లు చెబితే చాలు, కుర్చీ నిలుస్తుంది.

"తప్పు చార్టుదండీ. అది రాసింది నేను" అంది నిదానం. పెన్సిలు తీసి, అందరూ చూస్తుండగా గోడ మీదే మూడో నంబరు ఎదురుగా ఉన్న బాబాయి పేరు కొట్టేసి, పద్నాలుగు పక్కన రాసింది. మీసాలు పేరు మూడు పక్కకు వెళ్ళింది.

అంతే, గోల మొదలైంది. "అయితే నా ఆరు నాకిచ్చెయ్. ఆయనకో న్యాయం, మాకో న్యాయమా?" అన్నాడు మీసాలు. నా స్కూళ్ళు నాకని హారన్ అందుకున్నాడు. వెనకనుంచి ఇంకో నలుగురు.

ఒక్క క్షణం అన్నీ కొట్టేసి పాత చార్టే రాసేద్దామా అనిపించింది ఆమెకు. అలా చేస్తే టీ బల్ల దగ్గర తన చోటు తనకు దక్కుతుంది, కానీ చార్టు ఇక ఎన్నటికీ తనది కాదు.

"అవును, ఆయనకో న్యాయమే. పద్నాలుగుని బాబాయికంటే బాగా నడిపేవాళ్ళు ఈ డిపోలో లేరు" అంది.

"ఆరుని నాకంటే బాగా నడిపేదెవరు?"

"ఇద్దరున్నారు. అందులో ఒకదాన్ని నేనే."

హారన్ పగలబడి నవ్వాడు. మీసాలు కూడా మీసం చాటున నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.

"ఈ వారం ఈ చార్టే. ఎవరికి పాత రూటు కావాలో శుక్రవారం వచ్చి నా మొహం మీద అడగండి. టీ గ్లాసుకి చెబితే నాకు వినబడదు. ఇక బండ్లెక్కండి, టైమవుతోంది."

తన గొంతు అలా పలకగలదని ఆమెకే తెలియదు. మనుషులు నిజంగానే కదిలారు. బాబాయి ఆమె వైపు చూడకుండా పద్నాలుగెక్కి సీటు ముందుకు లాక్కున్నాడు. ఆ బండి నాలుగు నిమిషాలు ఆలస్యంగా గేటు దాటింది. మూడు సమయానికే పోయింది. ఏడింటికల్లా షెడ్డు ఖాళీ. అంత పెద్ద ఖాళీ షెడ్డును చూసి ఆమెకు గంతులేయాలనిపించింది, వేయలేదు.

"నాలుగు నిమిషాలు లేటు" అన్నాడు మేనేజరు గడియారం చూసుకుని. "లేటైతే అయింది, ఆగలేదుగా. పై ఆఫీసుకి ఫోన్ చేస్తాను, ఎవరినీ పంపక్కర్లేదని."

పదింటికి మొదటి ట్రిప్పుల వాళ్ళు తిరిగొచ్చారు. నిదానం టీకి బయల్దేరింది. రెస్టు రూము తలుపు దగ్గరకు వచ్చేసరికి లోపలి మాటలు వినబడి కాలు ఆగిపోయింది. అవి తన గురించే.

"చార్టంట చార్టు. మమ్మల్ని బడిపిల్లల్లా గోడ ముందు నిలబెట్టింది" అంటున్నాడు బాబాయి.

"ఒకదాన్ని నేనే అంటుందా? ఆరుని ఒక్క రోజు నడిపి చూడమను" అన్నాడు మీసాలు.

ఆమె పొద్దుటి సంతోషం కాస్తా ఆవిరైంది. వెనక్కి తిరగబోతుంటే లోపలినుంచి మూడో గొంతు వినబడింది. విడిభాగాల స్టోరు గుమాస్తాది. అతను ఎప్పుడూ స్టీరింగు పట్టినవాడు కాదు.

"నేనప్పుడే అనుకున్నా. ఆవిడ వల్ల అయ్యే పని కాదు. పై ఆఫీసు మనిషి వచ్చుంటే సుఖంగా ఉండేది."

బల్ల మీద గ్లాసు టక్కున పెట్టిన చప్పుడైంది.

"నోర్ముయ్" అన్నాడు బాబాయి. "మేమంటే అంటాం. మా పిల్ల అది. మధ్యలో నువ్వెవడివి?"

బాబాయి మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. ఆ చార్టు, ఆ పెన్సిలు, ఆ పొగరు అంటూ ఒక్కొక్కటీ, తన పద్నాలుగుని తిట్టుకున్నంత తీరిగ్గా ఏకిపెడుతున్నాడు. నిదానం తలుపు మీదినుంచి చెయ్యి మెల్లగా తీసేసింది. లోపలికి వెళితే వాళ్ళు ఆపేస్తారు. ఆమెకు అది ఆగడం ఇష్టం లేదు. టీ లేకుండానే తన కుర్చీ దగ్గరకు తిరిగొచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి, నవ్వు మాత్రం ఎంత ఆపినా ఆగడం లేదు.