గోరింటాకు పెట్టుకున్న మధ్యాహ్నం

నేను ఒక వెబ్‌క్యామ్‌ని. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. లోకాన్ని చూసింది మాత్రం ఒక ట్యూషన్ మాస్టారి బల్ల మీద నుంచి. ఆన్‌లైన్ క్లాసులో తమ కెమెరాలు ఆపేసి మొహాలు దాచుకున్న పిల్లలకు ఆయన నా ముందు కూర్చుని లెక్కలు చెప్పేవారు. తమను నలుగురూ చూడాలనీ ఉంటుంది, చూస్తారేమోనని భయమూ ఉంటుంది మనుషులకు.

తర్వాత నన్ను రాజమండ్రిలో ఉండే శ్రీకర్ కొన్నాడు. పెళ్లయిన వెంటనే ఆషాఢం వచ్చింది. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదని భార్య మైథిలి తణుకులో పుట్టింటికి బయల్దేరితే, చీర మడతల్లో నన్నూ సర్ది పంపాడు. రాజమండ్రి ఇంట్లో పాత కంప్యూటర్‌నే సర్వర్‌గా మార్చుకున్నాడు. తణుకులో మైథిలి నన్ను ల్యాప్‌టాప్‌కు తగిలించి, బ్రౌజర్‌లో పేజీ తెరిచి బటన్ నొక్కితే చాలు, నేను చూసేదీ వినేదీ ఆ సర్వర్ మీదుగా వాళ్ల హాల్లో టీవీకి చేరుతుంది. అటునుంచి ఇటు ఏమీ రాదు, జవాబుకు ఫోనే. కొత్త గాజులు, బుంగలా పొంగిన పూరీ, ఏది కనబడినా మురిసిపోతూ నాకు చూపించేది.

ఆ మధ్యాహ్నం కూడా బటన్ నొక్కి, చేతులు చాచింది. అక్క హారిక పది వేళ్లకూ గోరింటాకు టోపీలు పెట్టింది. ఇక ఆపడానికి ఒక్క వేలూ ఖాళీ లేదు. కబుర్లలో పడి నన్ను ఇద్దరూ మరిచిపోయారు.

"ఏంటే, మధ్యమధ్యలో దిగులుగా అయిపోతున్నావు?" అంది హారిక.

"అత్తయ్యగారికి రొమ్ములో గడ్డ తగిలిందక్కా. ఆయనకి చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నారు. డాక్టరంటే, చూద్దాంలే అంటారు. నాకు అన్నం సయించట్లేదు."

నాకు నోరుంటే అరిచేదాన్ని. ఆ వేళకు టీవీ ముందు తల్లీకొడుకులిద్దరూ ఉంటారు.

ఫోన్ మోగింది.

"మీ ఆయనే."

"మోగనీ. వేళాకోళానికే. ఎండాక చేస్తాలే."

మళ్లీ మోగింది. ఆగి, మళ్లీ. హారిక చెయ్యి తుడుచుకుని స్పీకర్ పెట్టింది. వచ్చింది అత్తగారు వకుళమ్మ గొంతు.

"మైథిలీ, కెమెరా ఇంకా నడుస్తోందమ్మా."

మైథిలి నా వైపు తిరిగింది. నాకు రెప్పలు లేవు, ఆ చూపును చూస్తూనే ఉండాల్సి వచ్చింది.

"ఒట్టు తప్పానత్తయ్యా."

"తప్పావు. వాడు చొక్కా తొడుక్కుంటున్నాడు, ఆసుపత్రికి పదమంటూ. వాడి మొహం చూస్తే నాకు భయమేస్తోందే. నువ్వూ వచ్చెయ్."

"ఆషాఢం కదా..."

"ఆసుపత్రి గడప మీ మావగారు పెట్టించలేదులే."

పండకముందే చేతులు కడుక్కుని మైథిలి పరుగెత్తింది. వెనకే హారిక. నన్నెవరూ ఆపలేదు. చీకటి పడేదాకా ఒక ఖాళీ కుర్చీని, మనుషుల్లేని ఆ హాలుకు చూపిస్తూ ఉండిపోయాను.