మూడో శ్వాస

అమెరికాలో నోవై అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే జయంతికి ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక పుట్టుకతోనే లేదు. ఆఫీసులో దాన్ని చురుకుదనం అన్నారు. ఇంట్లో మాత్రం ఏడేళ్ళ కూతురు ఆద్యకి నత్తి. పిల్ల నోట్లో మాట నోట్లో ఉండగానే తల్లి మిగతాదంతా అందించేసేది. పాపం, సాయం చేస్తున్నాననే అనుకుంది. చివరికి స్పీచ్ థెరపిస్ట్ మెల్లగా చెప్పింది. "తనకి మాటలు రాకపోవడం కాదు. మీరు వినరని మానేస్తోంది." అప్పటికే ఆద్య ఇంట్లో తలూపడంతోనే పని కానిచ్చేస్తోంది.

జయంతి ఆ రాత్రి కుమిలి కుమిలి ఏడ్చింది. విందామని కూర్చుంటే, పిల్ల తడబడిన మొదటి అక్షరం దగ్గరే తన మనసు రేపటి రిలీజ్ మీదకి గెంతేది. అందుకే శ్రీలంక వాళ్ళ బౌద్ధ విహారంలో ఆదివారం ధ్యానం క్లాసులో చేరింది. శ్వాసలు ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాలి. మనసు జారితే మళ్ళీ ఒకటి. అంత సులువైతే అందరూ బుద్ధులే అయిపోదురు.

క్లాసు అయ్యాక ఎలా సాగిందో ఒక్కొక్కరూ భంతేకి చెప్పాలి. భంతే అంటే అక్కడి ముసలి భిక్షువు. జయంతి ఆఫీసులో రోజూ పొద్దున చెప్పే స్టేటస్‌లాగే చెప్పేసేది. "పది దాకా వెళ్తున్నాను భంతే. ప్రాబ్లమ్ ఏం లేదు." పని తగలబడుతున్నా అంతా బానే ఉందనడం పదేళ్ళ అలవాటు. ఆ నోటికి విహారమైతే ఏంటి, ఆఫీసైతే ఏంటి?

ఐదో ఆదివారం భంతే నవ్వాడు. "నలభై ఏళ్ళుగా కూర్చుంటున్నాను. ఇవాళ నేను నాలుగు దగ్గర తప్పిపోయాను. మీరు?"

జయంతికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మూడు. ఎప్పుడూ మూడు దాటలేదు."

"తప్పిపోయానని తెలిసింది కదా, వెంటనే వెనక్కి రండి. తిట్టుకుంటూ కూర్చుంటే ఇంకా ఆలస్యమవుతుంది."

ఆ మధ్యాహ్నం పెరుగన్నం తింటూ ఆద్య ఎన్నాళ్ళకో నోరు విప్పింది. "అమ్మా, ఇ... ఇ... ఇవాళ..."

జయంతి నాలుక చివరికి వచ్చిన మాటల్ని మింగేసి శ్వాసలు లెక్కపెట్టుకుంది. ఒకటి. రెండు. అంతలో సోమవారం డెమో గుర్తొచ్చింది. తేరుకునేసరికి పిల్ల చెప్పడం అయిపోయింది. ఇంకో రోజైతే "వెరీ గుడ్" అనేసి లేచిపోయేదే.

"సారీ నాన్నా. నా మనసు ఆఫీస్‌కి వెళ్ళిపోయింది. నువ్వు చెప్పింది వినలేదు. మళ్ళీ చెప్తావా?"

ఆద్య స్పూన్ ఆపి తల్లి మొహంలోకి చూసింది. అమ్మ వినదని ఆ పిల్లకి ఎప్పుడో తెలుసు. ఆ సంగతి అమ్మకి కూడా తెలుసని ఇప్పుడే తెలిసింది.

"మ... మళ్ళీ వెళ్తావా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "వెళ్తానేమో."

ఆద్య స్పూన్ కింద పెట్టింది.

"ఓకే. నువ్వు వ... వచ్చేదాకా నేను ఆ... ఆగుతా."