ముప్పై తొమ్మిదో గిన్నె

రోడ్డెక్కి అరిస్తే జైలు. అర్జీ మీద సంతకం పెడితే జైలు. బుద్ధుడికి నీళ్ళు పోయడం మాత్రం నేరమని మా మాండలేలో ఇంకా ఎవరూ రాయలేదు. అందుకే నేను గిన్నె పట్టుకున్నాను.

పగోడాలో వారానికో మూల, మూలకో బుద్ధుడు; ఎవరు పుట్టిన వారం మూలలో వాళ్ళు నీళ్ళు పోస్తారు. వయసెంతో అన్ని గిన్నెలు, పైన ఒకటి. ఆ ఒక్కటీ రాబోయే ఏడు బతకడానికి. మా తమ్ముడు తేజా శనివారం పుట్టాడు. ముప్పై ఎనిమిదేళ్ళు. కరపత్రాలు రాశాడని మిలిటరీ కోర్టు ఉరిశిక్ష వేసింది. వాడు జైల్లో ఉన్నాడు కనుక వాడి పేరున రోజూ ముప్పై తొమ్మిది గిన్నెలు నేను పోస్తున్నాను.

నెల తిరిగేసరికి పేటంతా శనివారం మూలలో నా వెనకే వరుస కట్టింది. మిగతా మూలల్లో బుద్ధులు ఎండిపోతున్నారు. పేట అధికారి ఫో చిట్ రిజిస్టరు చంకన పెట్టుకొచ్చాడు.

"పెద్దమ్మా, నువ్వు పుట్టింది సోమవారం కదా?" అన్నాడు, వరుసలో నా వెనకున్న ముసలి డా న్యోతో.

"మా అమ్మకి మతిమరుపు నాయనా. నీ రిజిస్టరు పుట్టకముందే పుట్టాను నేను."

మర్నాడు శనివారం మూలకి తాడు కట్టి, మరమ్మతులని బోర్డు పెట్టాడు. మూడో రోజుకి తనే తాడు విప్పాడు. మిలిటరీ కమాండర్ గారు కూడా శనివారం పుట్టారట! పుట్టినరోజున అక్కడ నీళ్ళు పోయకపోతే కుర్చీ కదులుతుందని జ్యోతిష్కుడు చెప్పాడట.

నిన్న పొద్దున కమాండర్ వచ్చి అరవై మూడు గిన్నెలు పోశాడు. వరుసని చూసి, "ఇంతమందా?" అన్నాడు.

"అందరూ శనివారం పుట్టినవాళ్ళే సార్," అన్నాడు ఫో చిట్, చెమట తుడుచుకుంటూ.

"మంచి జాతకాలున్న పేట," అని కమాండర్ మురిసిపోయాడు. మేం నవ్వు ఆపుకోలేక చచ్చాం. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోను.

ఈ పొద్దున ఫో చిట్ ఒక కాగితంతో వచ్చాడు. నా మొహంలోకి చూడలేదు.

"అమ్మాయ్, ఇకనుంచి మీ తమ్ముడి పేరున ముప్పై ఎనిమిదే."

"ఒకటి తగ్గిందేం బాబాయ్?"

"పైనుంచి వచ్చింది. ముప్పై తొమ్మిదోది పోస్తే, అతను బతికున్నాడని తప్పుడు వార్త పుట్టించినట్టట."

"ఎప్పుడు?"

"నిన్న... కమాండర్ గారు ఇక్కడున్నప్పుడే."

శవం ఇవ్వలేదు, కబురు పంపలేదు. గిన్నెల లెక్క మాత్రం తు.చ. తప్పకుండా పంపారు.

పోయడం మొదలుపెట్టాను. లెక్కపెట్టడం ఫో చిట్ ఉద్యోగం, పక్కనే నిలబడి పైకే లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిది దగ్గర లెక్క ఆపేశాడు. నేను మళ్ళీ గిన్నె ముంచాను.

"అమ్మాయ్, వద్దు. కేసవుతుంది."

"అవనీ," అని పోశాను.

వెనకనుంచి డా న్యో నా చేతిలో గిన్నె లాక్కుంది. "ముప్పై ఎనిమిదీ అది పోసేసింది. మాకు మిగిలింది తలా ఒక్కటేగా ఫో చిట్, ఎంతసేపు పడుతుంది?" అంది.

వరుస పగోడా మెట్లదాకా ఉంది.