ఎవరూ లేని లోయ

కొత్త పుస్తకాన్ని పరీక్షించడానికి పిల్లల లైబ్రేరియన్‌కి తనదైన పద్ధతి ఒకటుంది. ముందు బొమ్మలు చూడదు, ముందుమాట చదవదు. తనకు బాగా తెలిసిన సంగతి ఒకటి తీసుకొని, చిన్నపిల్లలా చివరి పేజీల్లోని సూచికలో వెతుకుతుంది. తెలిసినదాంట్లోనే అబద్ధమాడే పుస్తకాన్ని తెలియనిదాంట్లో ఎలా నమ్మడం?

ఈసారి వచ్చింది రాష్ట్ర చరిత్ర, సంస్కృతి మీద పిల్లల కోసం వేసిన లావుపాటి పుస్తకం. ఆమె సరేనంటే ప్రతి బడికీ వెళుతుంది. రాసింది సొంత అన్నయ్య. ఆ మాట పైవాళ్లకి ముందే చెప్పింది. ఇంత లావు పుస్తకం చదివే ఓపిక ఇంకెవరికీ లేదు, మీరే కానివ్వండి అన్నారు.

సూచికలో తమ ఊరి పేరు వెతికింది. లేదు. దాన్ని ముంచిన ఆనకట్ట ఉంది. పేజీ తీసింది. నిండా నిగనిగలాడే బొమ్మ, కింద ఒక్క వాక్యం: ‘ఈ జలాశయాన్ని జనసంచారం లేని లోయలో నిర్మించారు.’

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ లోయలోనే అన్నయ్య పుట్టాడు, తనూ పుట్టింది. నీళ్లు గుమ్మం దాకా వచ్చిన రోజున అమ్మ ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకొని గుట్ట ఎక్కింది.

మర్నాడు అన్నయ్య నవ్వుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె పుస్తకం అతని ముందుకు తోసింది.

“జనసంచారం లేదా? మరి మనమెవరం అన్నయ్యా?”

“ఊరు మునిగిందని రాస్తే, మనుషులేమయ్యారని పిల్లలు అడుగుతారే. టీచర్లకి లేనిపోని తలనొప్పి.”

“అడగాలనే కదా పుస్తకం! సిగ్గులేదూ నీకు?”

“మెల్లగా మాట్లాడు, బయటికి వినిపిస్తుంది.”

“విననీ.”

ఆమె ఫోన్ తీసి అమ్మకు కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. “అమ్మా, మన ఊరి పేజీ చదివి వినిపించమన్నావుగా. అన్నయ్యే చదువుతాడట.”

“చదవరా నాన్నా,” అంది అమ్మ. కళ్లు మసకబారినప్పటినుంచీ ఆమెకు చదువంతా చెవులతోనే.

అన్నయ్య చెల్లెలి వైపు గుడ్లురిమి చూశాడు. తరువాత పేజీ వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“బావి దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎడమ పక్క కమ్మరి కొలిమి. దాన్ని ఆనుకొని పొడుగాయన ఇల్లు. గుమ్మం పొట్టిది, రోజూ నుదురు కొట్టుకొని గుమ్మాన్నే తిట్టేవాడు.”

అమ్మ పకపకా నవ్వింది. “అది కూడా రాశావట్రా? మరి మనిల్లో?”

“రాశానమ్మా. కొలిమి దాటాక మూడోది. నువ్వు తాళం వేసి బయల్దేరావు. గుట్ట మీద నిలబడి, తాళం చెవి...”

అతను ఆనకట్ట బొమ్మ మీద అరచెయ్యి పరిచాడు.

“కొంగున కట్టుకున్నాను,” అంది అమ్మ. “ఇప్పటికీ ఉంది. బాగా రాశావురా.”

ఫోన్ పెట్టేశాక కూడా చెల్లెలి కోపం దిగలేదు. “ఇప్పుడు చదివిందంతా రాసుకురా. అప్పటిదాకా నా సంతకం లేదు.”

“ఒక్క పేజీలో అంతా పట్టదే.”

“అయితే ఆ ఆనకట్ట బొమ్మ తీసెయ్.”