టర్నర్ వాగు మీది తూము

శశికళ ఉద్యోగమేమిటో తెనాలిలోని చుట్టాలకు చెప్పాలంటే ఆమె అత్తగారు రాజేశ్వరమ్మ కాస్త తడబడేది. కొడుకు రవిశంకర్‌ది సాఫ్ట్‌వేర్. అది అందరికీ తెలిసిన మాటే. కోడలు మాత్రం నార్త్ కరొలినాలో, మోరిస్‌విల్ దగ్గర, రోడ్ల శాఖలో ఇంజనీరు. రోడ్ల కింద వాగులు పారే పాత తూములు మార్చాలంటే కావలసిన అనుమతులు సంపాదించడం ఆమె పని.

2008 ఆగస్టు వానలకు టర్నర్ వాగు మీది తూము ఒకవైపు కుంగింది. బరువు బళ్లు పోకూడదని బోర్డు పెట్టారు. అంటే స్కూల్ బస్సు, ఫైరింజను, అంబులెన్సు ఏవీ పోకూడదు. వాగు అవతల నలభై ఇళ్లున్నాయి. చుట్టు తిరిగి వెళ్తే పదకొండు మైళ్లు.

కొత్త తూము వేయడం మూడు రోజుల పని. అనుమతులివ్వాల్సిన ఆఫీసులు కూడా మూడే. నీటి శాఖవాళ్లు వన్యప్రాణుల శాఖ ఉత్తరం ముందు తెమ్మన్నారు. వన్యప్రాణుల శాఖవాళ్లు ఫెడరల్ ఆఫీసు నంబరు లేనిదే ఫైలు తెరిచేది లేదన్నారు. ఫెడరల్ ఆఫీసువాళ్లు నీటి శాఖ ఏమందో చెప్పమన్నారు. ఐదు నెలలు గడిచాయి. మార్చి దాటితే చేపలు గుడ్లు పెట్టే కాలం, వాగులో ఎవరూ దిగడానికి వీల్లేదు.

జనవరిలో అవతలి ఒడ్డున ఉండే హెరాల్డ్ అనే పెద్దాయనకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సు చుట్టు తిరిగి వచ్చేసరికి ఆయన నీలంగా మారిపోయాడు. అయినా ప్రాణం దక్కింది. నాలుగు రోజుల తర్వాత ఆయన భార్య డోరిస్ శశికళకు ఫోన్ చేసింది. తిట్టలేదు.

"ఈసారికి బతికాడమ్మా. మళ్లీ వస్తే నేనేం చెయ్యాలో చెప్పు," అంది.

ఆ సాయంత్రం శశికళ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, అత్తగారికీ భర్తకూ జరిగిందంతా చెప్పింది.

రాజేశ్వరమ్మ ముప్పై ఏళ్లు తహసీల్దారు ఆఫీసులో గుమాస్తాగా చేసి, రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చింది. అంతా విని, "మీకు జమాబందీ లేదా అమ్మాయ్?" అంది.

"అంటే ఏంటత్తయ్యా?"

"ఏడాదికోసారి కరణం, సర్వేయరు, తహసీల్దారు, పైన డిప్యూటీ కలెక్టరు, అందరూ ఒకే పందిరి కింద కూర్చునేవాళ్లు. 'ఆయన్నడిగి చెప్తా' అనడానికి వీల్లేదు, ఆయన పక్కనే ఉంటాడుగా! ఏళ్ల తరబడి తేలని అర్జీలు గంటలో తేలేవి."

"ఇక్కడ అలా పిలిస్తే ఎవరొస్తారు మమ్మీ? అందరివీ క్యాలెండర్లు ఫుల్లు," అన్నాడు రవిశంకర్.

"పిలవందే ఎవరొస్తారు?"

మర్నాడు శశికళ మూడు ఆఫీసులకూ ఫోన్ చేసింది. మీటింగ్ రూములో కాదు, వాగు దగ్గరే కలుద్దామంది. నీటి శాఖ నుంచి మార్లీన్, ఫెడరల్ ఆఫీసు నుంచి గ్రెగ్ సరేనన్నారు. వన్యప్రాణుల శాఖ కర్టిస్ మాత్రం రెండుసార్లు వాయిదా వేసి, మూడోసారి వచ్చాడు. కావాలని అడ్డుపడేది అతనేనని శశికళ అనుకుంటూ ఉండేది.

కర్టిస్ రబ్బరు బూట్లతో నేరుగా నీళ్లలోకి దిగి, ఇసుకలోంచి బతికున్న చిన్న ఆల్చిప్పనొకదాన్ని తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఇవి ఈ చుట్టుపక్కల మూడు వాగుల్లోనే మిగిలాయి శశీ. నా టేబుల్ మీద రెండొందల ఫైళ్లున్నాయి. నూట ఎనభై ఇలాంటి తూములే. ఇవి చదువుతూ కూర్చుంటే, నిజంగా వాగును చంపే ప్రాజెక్ట్ ఏదైనా వస్తే దాన్ని ఎప్పుడు చూడను?"

ఇతన్నా తాను మొండివాడనుకుంది! శశికళకు సిగ్గేసింది.

"ఆల్చిప్పల్ని ముందుగా ఎగువకు తరలిస్తే? మట్టి కిందికి కొట్టుకుపోకుండా కట్ట వేస్తే?" అని అడిగింది.

"అలా చేస్తే నాకు అభ్యంతరం లేదు."

"నాకూ లేదు," అంది మార్లీన్. "కానీ షరతు తప్పితే?"

"పని ఆపేస్తాను. మీకు మొదటి ఫోన్ నేనే చేస్తాను," అంది శశికళ.

ఆ మధ్యాహ్నం నలుగురూ గ్రెగ్ ట్రక్కు బానెట్ మీద కాగితాలు పరుచుకుని ఒప్పందానికి చిత్తుప్రతి రాశారు. పాత తూము తీసి కొత్తది వేసే మామూలు పనులకు షరతులు ముందే రాసిపెట్టుకుని, వాటికి ఒప్పుకుంటే వెంటనే అనుమతి ఇవ్వాలి. మూడు ఆఫీసులకూ ఒకటే ఫారం. నెలకోసారి అందరూ ఒకేచోట కూర్చోవాలి. వాగు దారి మళ్లించే పనులు, కొత్త రోడ్లు మాత్రం పాత పద్ధతిలోనే.

పైవాళ్ల సంతకాలకు, లాయర్ల ప్రశ్నలకు ఐదు వారాలు పట్టింది. ఒక్కో రోజూ శశికళ క్యాలెండర్ చూసుకుంటూ గడిపింది. మార్చి ఆరున చివరి సంతకం పడింది.

పదహారున పని మొదలైంది. ముందు కర్టిస్, శశికళ మోకాళ్లలోతు చన్నీళ్లలో వంగి నూట పన్నెండు ఆల్చిప్పల్ని బకెట్లలో ఎగువకు చేర్చారు. మూడోరోజు సాయంత్రానికి కొత్త తూములోంచి నీళ్లు సాఫీగా పారాయి.

పందొమ్మిదిన ఉదయం బోర్డు తీసేశారు. పసుపుపచ్చ స్కూల్ బస్సు వచ్చి, అలవాటు కొద్దీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "వెళ్లొచ్చా?" అని అడిగాడు. శశికళ చెయ్యూపింది. బస్సు తూము దాటి చెట్ల వెనక మలుపు తిరిగాక ఆమె రోడ్డు పక్క గట్టు మీద కూలబడింది. నెలల తరబడి ఛాతీ మీదున్న బరువు దిగినట్టు పెద్దగా ఊపిరి వదిలింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలనిపించలేదు.

ఏప్రిల్ మీటింగుకు పదిహేడు తూముల ఫైళ్లు వచ్చాయి. భోజనాల వేళకు పదహారు తేలాయి. మిగిలిన ఒక్కదాన్ని కర్టిస్ తన సంచిలో పెట్టుకున్నాడు.

"ఇది మామూలుది కాదు. దీనికి నాకు టైం కావాలి," అన్నాడు.

"తీసుకోండి," అంది శశికళ మనస్ఫూర్తిగా.